రాహుకాలం దాటాక రెండో గీత

“మూఢనమ్మకం అనేది మా అపార్ట్‌మెంట్ గేటు దాటి లోపలికి రాలేదు, రాదు, రానివ్వం!”

ఈ చారిత్రక ప్రకటన చేసినవారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు వెంకటసుబ్బారావు గారు. స్థలం, గుణదలలో మా అపార్ట్‌మెంట్ సెల్లారు. సందర్భం, సైన్సు దినోత్సవం. ఆయన నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి కావడం వల్ల ఏది మాట్లాడినా జీవోలాగే ఉంటుంది. ‘యావన్మందికీ తెలియజేయునది ఏమనగా’ అని మొదలై ‘ఇందుమూలముగా’ అని ముగుస్తుంది. మధ్యలో టీ వస్తుంది.

ఆయన ఆ మాట అన్నప్పుడు సరిగ్గా ఆయన నడినెత్తికి పైన, సెల్లారు దూలానికి ఒక బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

“మరి ఆ గుమ్మడికాయ ఏంటండీ?” అని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

“అది ఎకో ఫ్రెండ్లీ డెకరేషన్!” అన్నారాయన రెప్ప వేయకుండా.

“మరి దానికి కోరలూ మీసాలూ ఎందుకండీ?”

“డెకరేషన్ అన్నాక ఆ మాత్రం ఉండాలి!”

సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కాలేజీలో ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి, అలా కొట్టవచ్చునా అని మీరు అడగవచ్చు. అడిగే ముందు ఒక సంగతి వినండి. మా ఆవిడ పోయినప్పటి నుంచీ, ఎదురు ఫ్లాటులో ఉండే ప్రెసిడెంటు గారి భార్య కనకలక్ష్మి గారు రెండు రోజులకోసారి ఏదో ఒక కూర గిన్నెలో పెట్టి పంపిస్తున్నారు. ఆవిడ చేసిన గోంగూర రొయ్యలు తిన్న మనిషి ఆ ఇంటి శాస్త్రీయ దృక్పథాన్ని శంకించలేడు. నేను శంకించలేదు, మొన్న ఆదివారం సాయంత్రం దాకా.

ఆ సాయంత్రం ప్రెసిడెంటు గారు మా ఇంటికొచ్చారు. వచ్చి తలుపు వేశారు. కిటికీ వేశారు. ఎందుకైనా మంచిదని టీవీ కూడా కట్టేశారు.

“మాస్టారూ, ఒక కాన్ఫిడెన్షియల్ విషయం.”

“చెప్పండి.”

“మెడికల్ షాపులో ఒక... పరికరం కొనాలి.”

“బీపీ మెషీనా?”

“కాదు.”

“షుగరుదా?”

“కాదండీ బాబూ! అది ఆడవారికి సంబంధించింది. ఉన్నదీ లేనిదీ తేల్చేది.”

“ఏది ఉన్నదీ లేనిదీ?”

ఆయన గోడ వైపు తిరిగి, గోడకి చెబుతున్నట్టుగా “విశేషం” అన్నారు.

నాకు అర్థమైంది. ఆ తరవాత ఆయన గోడకు చెప్పిన విషయాల సారాంశం ఇది. ఆయన కోడలు మనోజ్ఞకి మైలవరంలో ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం సాయంత్రంలోగా వెళ్ళి చేరాలి. చేరకపోతే ఆ ఉద్యోగం వరసలో తరవాత ఉన్నవారికి పోతుంది. ఇంతలో ఆ అమ్మాయికి నెల తప్పింది. అది విశేషమో, ఊరికే ఆలస్యమో తెలియదు. కనుక కుటుంబం సమావేశమై ఒక తీర్మానం చేసింది. పరీక్ష చేసి చూడాలి. విశేషం లేకపోతే మైలవరం వెళ్ళవచ్చు. ఉంటే ఉద్యోగం రద్దు.

“ఉంటే మాత్రం పాఠం చెప్పకూడదా అండీ?” అన్నాను. “మా ఆవిడ తొమ్మిదో నెల దాకా చల్లపల్లి స్కూలుకి వెళ్ళొచ్చింది. అదీ ఎర్ర బస్సులో.”

“అవి పాత రోజులు మాస్టారూ! అప్పట్లో సైన్సు ఇంత పెరగలేదు. బస్సులో ఆ గుంతలకి లోపలి ప్రాణి ఏమైపోవాలి?”

“సరే, ఆ కిట్టేదో మీరే కొనుక్కోవచ్చుగా?”

“నేనా! ప్రెసిడెంటుని!”

“మీ అబ్బాయి చక్రి?”

“వాడికి సిగ్గు.”

“చెల్లెమ్మ గారు?”

“ఆవిడకి పరువు.”

“పోనీ ఆ అమ్మాయే...”

“కోడలు పిల్ల తనంతట తను వెళ్ళి కొంటే ఏం బాగుంటుంది చెప్పండి! మీకైతే ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో ఎవరూ లేరు కదా!”

ఆయన దాన్ని నాకు దక్కిన ఒక హోదాలాగా చెప్పారు. ఒంటరితనానికి ఇటువంటి ప్రజోపయోగం ఉంటుందని నాకు అంతవరకూ తోచలేదు.

మా వీధి చివర మెడికల్ షాపు మునీర్‌ది. మంచివాడు. కాకపోతే గొంతు కాస్త పెద్దది. ఆదివారం సాయంత్రం కావడంతో సగం అపార్ట్‌మెంట్ అక్కడే ఉంది. నేను కౌంటరు మీదికి వంగి, చాలా మెల్లగా అడిగాను.

“ప్రెగ్నెన్సీ కిట్టా సార్?” అన్నాడు మునీర్, ఆశ్చర్యాన్ని ఏమాత్రం దాచుకోకుండా.

దగ్గు మందు కోసం వచ్చినాయన దగ్గడం ఆపేశాడు. ఒకావిడ నా నెరిసిన జుట్టు చూసింది, నా చెప్పులు చూసింది, మళ్ళీ జుట్టు చూసింది.

“ఎవరికి సార్?” అన్నాడు మునీర్.

“మీరుండండి!” అంటూ పక్క కౌంటరులోంచి అతని భార్య జహీదా లేచి వచ్చింది. “సార్ అడిగింది ఇవ్వాలి గానీ, ఇంటర్వ్యూ చేస్తారేంటి?” అంటూ రెండు పెట్టెలు తీసి కవర్లో వేసి, వాటి మీద అజీర్తి మాత్రల అట్ట ఒకటి పైకి కనబడేలా పెట్టింది. “ఒకటి చాలదు సార్, కంగారులో ఒకటి పాడుచేస్తారు. పొద్దున లేవగానే చేసుకుంటే మంచిది. లోపల కాగితం ఉంటుంది, అది చదవమనండి.”

ఆ అమ్మాయి నన్ను ఏమీ అడగలేదు. లోకమంతా నా వంక చూస్తున్న సమయంలో అజీర్తి మాత్రల చాటున నా పరువు దాచిపెట్టింది. ఇంత పెద్ద ఊళ్ళో రోజుకొకటి ఇలాంటి చిన్న దయ దొరుకుతూనే ఉంటుంది.

లిఫ్టులో మూడో అంతస్తు ఆయన నాకు దారి ఇచ్చి, “ఆరోగ్యం జాగ్రత్త మాస్టారూ” అన్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో నేను ఆరా తీయలేదు.

ప్రెసిడెంటు గారు రెండు పెట్టెలు చూసి కనుబొమలు ముడిచారు. “రెండెందుకు? ఒక పనికి ఒకటే శాంక్షన్” అని ఒకటి నాకు తిరిగి ఇచ్చేశారు. ఆయన ఉంచుకున్నదాని లోపలి కాగితం తీసి, వాళ్ళ హాల్లో కుటుంబమంతటికీ నేను పాఠం చెప్పినట్టు చదివి వినిపించాను. పొద్దున్నే మొదటిసారి పోసిన మూత్రం అయితే మేలు. గొట్టంతో తీసి ఈ గుంటలో మూడు చుక్కలు వేయాలి. సి అనే అక్షరం దగ్గర గీత వస్తే పరికరం పనిచేస్తున్నట్టు. అదే రాకపోతే కిట్టు పాడైనట్టు. టి దగ్గర కూడా గీత వస్తే విశేషం ఉన్నట్టు, పలచగా వచ్చినా సరే. కానీ చూడాల్సింది ఐదు నిమిషాల్లో. ఆ గడువు దాటిపోయాక కనబడేదాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

“నోటెడ్” అన్నారు ప్రెసిడెంటు గారు.

“పిల్లాడి జాతకం సంగతి ఏమైనా రాశారా అన్నయ్యగారూ?” అన్నారు కనకలక్ష్మి గారు.

చక్రి చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని ల్యాప్‌టాప్ చూసుకుంటున్నాడు. మనోజ్ఞ ఒక్కతే ఆ కాగితం అడిగి తీసుకుని, మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో జరిగింది నాకు తరవాత తెలిసింది. మనోజ్ఞ కాగితంలో ఉన్నట్టే మూడు చుక్కలు వేసి, పరికరాన్ని డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. సరిగ్గా అప్పుడు కనకలక్ష్మి గారు గోడ మీది క్యాలెండరు వంక చూశారు. సోమవారం. రాహుకాలం పొద్దున్నే వచ్చేస్తుంది. ఆవిడ ఒక స్టీలు పళ్ళెం తెచ్చి ఆ పరికరం మీద బోర్లించేశారు.

“రాహుకాలంలో శుభాన్ని కళ్ళచూడకూడదు. అది దాటాక తీద్దాం.”

“ఐదు నిమిషాల్లోనే చూడాలని మాస్టారు చదివారు కదా అత్తయ్యా?”

“కడుపులో ఉన్నది ఎక్కడికి పోతుందే? ఐదు నిమిషాలకి ఉన్నది గంటన్నరకి ఉండదూ?”

ఈ తర్కానికి జంతుశాస్త్రంలో జవాబు లేదు. మనోజ్ఞ మామగారి వంక చూసింది. మూఢనమ్మకాన్ని గేటు దగ్గరే ఆపేసిన ఆ మహానుభావుడు గొంతు సవరించుకున్నారు.

“ఇది మూఢనమ్మకం కాదమ్మా. ఏ బోర్డు అయినా పరీక్ష పెట్టిన వెంటనే ఫలితాలు ఇచ్చేస్తుందా? విడుదలకు ఒక టైము ఉంటుంది. ఇదీ అంతే. పరిపాలనాపరమైన విషయం.”

“అమ్మ చెప్పినట్టు కానివ్వు” అన్నాడు చక్రి, హెడ్‌ఫోన్లు తీయకుండానే.

రాహుకాలం దాటింది. కనకలక్ష్మి గారు కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టుకుని పళ్ళెం ఎత్తారు. ఒక గీత స్పష్టంగా ఉంది. దాని పక్కన, చూడాలనుకున్నవారికి కనబడేటంత లేతగా, ఇంకొకటి.

“వచ్చాడు!” అన్నారావిడ. వచ్చినవాడు మగవాడని కూడా ఆ గీతలోనే తేలిపోయింది.

కాసేపట్లో నా తలుపు మీద చప్పుడైంది. మనోజ్ఞ బందరు లడ్డూల పెట్టె పట్టుకుని నిలబడి ఉంది.

“సంతోషం తల్లీ” అన్నాను.

“అనకండి మాస్టారూ.” పెట్టె బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది. “అత్తయ్య దీపం పెట్టడానికి వెళ్ళినప్పుడు పళ్ళెం ఎత్తి చూశాను. ఐదు నిమిషాలకి ఉన్నది ఒకటే గీత.”

“ఆ మాట ఇంట్లో చెప్పలేకపోయావా?”

“ఎలా చెప్పను? రాహుకాలంలో చూశానంటే, లేదు కాబట్టి కనబడలేదు అనరు. నేను చూశాను కాబట్టే పోయింది అంటారు!”

ఆ ఇంట్లో రెండేళ్ళు కాపురం చేసిన పిల్ల. వాళ్ళ శాస్త్రం నాకంటే బాగా తెలుసు.

“అది తడి ఆరిపోతూ మిగిల్చిన మరకమ్మా. ఇంకో రెండు మూడు రోజులాగి మళ్ళీ చూసుకుంటే తేలిపోతుంది. కాదంటే డాక్టరు దగ్గర రక్తపరీక్ష ఉండనే ఉంది.”

“రెండు మూడు రోజులకి ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు మాస్టారూ. పిల్లలు వద్దని కాదు. ఉంటే కడుపుతోనే వెళ్ళి పాఠం చెబుతాను. వంట చేస్తూ గ్యాసు బండ పక్కన పుస్తకం పెట్టుకుని చదివి తెచ్చుకున్నా ఈ ఉద్యోగం. రాని గీత కోసం పోగొట్టుకోవాలా?”

కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది. నేను లడ్డూ ఒకటి తిని (మంచి లడ్డూని రాజకీయాలకు బలి చేయడం నాకు ఇష్టం ఉండదు), మిగిలిన రెండో కిట్టు జేబులో వేసుకుని ఎదురింటికి నడిచాను.

హాలు నిండా అభినందించడానికి వచ్చినవాళ్ళు. మొదటి అంతస్తు అమలమ్మ గారు అప్పటికే మూడో లడ్డూ మీద ఉన్నారు. ఆవిడ చర్చి క్వయిర్‌లో పాడతారు. మాటలో కూడా శ్రుతి తప్పరు.

“ప్రెసిడెంటు గారూ, ఆ గీత చెల్లదండీ” అన్నాను. “గడువు దాటాక చూశారు.”

“మాస్టారూ! మీరు కప్పలు కోసినవారు. ఇది మనిషి!” అన్నారాయన. “శాస్త్ర పరికరం అబద్ధం చెప్పదు. ఒకసారి గీత వచ్చిందంటే అది ఆర్డరు. దాని మీద అప్పీలు లేదు.”

“పోనీ, మళ్ళీ ఒకసారి...”

“వచ్చిన శుభాన్ని అనుమానిస్తే అలిగి పోతుంది అన్నయ్యగారూ!” అన్నారు కనకలక్ష్మి గారు.

“అమ్మాయిని మళ్ళీ పరీక్షించమనడం లేదమ్మా. పరికరాన్ని పరీక్షిద్దాం. ఎవరికి విశేషం ఉండే ప్రసక్తే లేదో, వారి మూడు చుక్కలు దీంట్లో వేద్దాం. మీరు పొద్దున చేసినట్టే, అంతసేపూ పళ్ళెం బోర్లించి ఉంచుదాం. ఒకటే గీత వస్తే ప్రెసిడెంటు గారి మాట నిజం. నేనిక నోరెత్తను.”

పరీక్ష అనగానే హాలంతా చెవులు నిక్కించింది. ఎవరి చుక్కలు వేయాలన్నది సమస్య అయింది. “నావైతే సిద్ధం” అన్నాను. కుటుంబేతరుల నమూనా కుటుంబ వ్యవహారంలో చెల్లదని ప్రెసిడెంటు గారు కొట్టేశారు. కనకలక్ష్మి గారు “ఈ వయసులో నాకా!” అని చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చక్రికి ఆ క్షణంలోనే మీటింగు మొదలైంది.

“ప్రెసిడెంటు గారూ, సెల్లారులో అంత మైకు పట్టుకుని చెప్పారు, సైన్సు కోసం మూడు చుక్కలు ఇవ్వలేరా?” అన్నారు అమలమ్మ గారు, లడ్డూ నములుతూ.

ఆయన ఛాతీ ఉబ్బింది. “ఇవ్వగలను! మానవాళి కోసం ప్రాణాలే ఇచ్చిన శాస్త్రవేత్తలు ఉన్నారు!” అని ఒక కాగితం గ్లాసు పట్టుకుని బాత్రూములోకి నడిచారు. రాకెట్టు ఎక్కేవాడు కూడా అంత గంభీరంగా నడవడు.

మూడు చుక్కలు పడ్డాయి. ఇంతలో కనకలక్ష్మి గారు మళ్ళీ క్యాలెండరు చూశారు. “అయ్యో, యమగండం వచ్చేసింది!”

“పళ్ళెం బోర్లించండి చెల్లెమ్మా” అన్నాను. నా జన్మలో యమగండానికి కృతజ్ఞత చెప్పుకున్నది ఆ ఒక్కసారే.

కానీ నిజం చెప్పాలంటే నాకు లోపల గుబులుగానే ఉంది. ఆరిన తడి ప్రతిసారీ గీత గీయాలని రాజ్యాంగంలో ఏమీ రాసిలేదు. గీయకపోతే ఆ పిల్ల ఉద్యోగం నా చేత్తోనే పోతుంది. మనోజ్ఞ మాత్రం లోపలికి వెళ్ళి సర్టిఫికెట్లు సర్దుకున్న సంచి తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టుకుని నిలబడింది. ఆ గంటన్నరా ప్రెసిడెంటు గారు శాస్త్ర ప్రగతి గురించి ప్రసంగించారు. ఎవరూ లేచి వెళ్ళలేదు. అసోసియేషన్ చరిత్రలో ఆయన ప్రసంగానికి అంత హాజరు మళ్ళీ రాదు.

యమగండం దాటింది. కనకలక్ష్మి గారే పళ్ళెం ఎత్తారు.

ఒక గీత ముదురుగా ఉంది. దాని పక్కన, లేతగా, సిగ్గుపడుతున్నట్టుగా, రెండోది.

చక్రి హెడ్‌ఫోన్లు తీశాడు. కనకలక్ష్మి గారు ముందు గీత వంక చూశారు, తరవాత భర్త పొట్ట వంక చూశారు. ఆ పొట్టను చూసి అపార్ట్‌మెంట్ జనం ఏళ్ళుగా అనుకుంటున్న మాట ఇప్పుడు పరికరం కూడా అంటోంది.

“దేవుడికి స్తోత్రం! కంగ్రాచ్యులేషన్స్ అండీ” అన్నారు అమలమ్మ గారు.

ప్రెసిడెంటు గారు ఒక్క ఉదుటున నా చేతిలోని కిట్టు కాగితం లాక్కున్నారు. దాన్ని ఆ ఇంట్లో మామగారు చదవడం అదే మొదలు.

“ఇదిగో! ‘గడువు దాటిన తరువాత కనబడు గీతను పరిగణించరాదు!’ చూశారా? పరిగణించరాదు! అచ్చులో ఉంది! ఇది చెల్లదు! చెల్లనే చెల్లదు!”

“అయితే పొద్దున నాదీ చెల్లదు కదా మావయ్యగారూ?” అంది మనోజ్ఞ, చాలా మర్యాదగా.

ఆయన కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందికి చదివారు. కోడలి గీత నిజమైతే తన గీతా నిజం. తన గీత అబద్ధమైతే కోడలి గీతా అబద్ధం. సర్వీసులో ఆయన ఎన్నో ఫైళ్ళు పెండింగులో పెట్టారు. దీన్ని పెట్టడానికి మాత్రం వీలు లేదు. ఎందుకంటే ఫైలు ఆయన కడుపులోనే ఉంది!

“ఉభయ ఫలితాలూ రద్దు!” అన్నారు చివరికి. “విశేషం సంగతి డాక్టరు దగ్గర తేల్చుకోవచ్చు. ఉద్యోగంలో చేరడానికి అభ్యంతరం లేదు.”

మనోజ్ఞ అప్పటికే సంచి భుజాన వేసుకుంది. హాలంతా చప్పట్లు. చప్పట్లు వినగానే ప్రెసిడెంటు గారికి ప్రాణం లేచి వచ్చింది.

“స్త్రీ విద్య, స్త్రీ ఉద్యోగం మొదటి నుంచీ మా కుటుంబ విధానం! ఎవరో ఎందుకు, నా కోడల్ని నేనే స్వయంగా స్కూటరు మీద బస్టాండులో దింపుతాను!” అని తాళం చెవి అందుకున్నారు.

“ఆగండి!” అన్నారు కనకలక్ష్మి గారు.

అందరం ఆగాం.

“చెల్లదన్నారు, సరే. రద్దన్నారు, సరే. కానీ గీతంటూ ఒకటి కనబడింది కదండీ. ఆ రోడ్డు మీద, ఆ కుదుపుల్లో మీరు స్కూటరు నడపడం... ఏమో, నా మనసు ఒప్పుకోవడం లేదు.”

ఆయన పకపకా నవ్వుతారని మేమంతా ఎదురుచూశాం. కనీసం సైన్సు గురించి నాలుగు ముక్కలైనా చెబుతారనుకున్నాం. ఆయన భార్య ముఖం చూశారు. బల్ల మీది పరికరం చూశారు. ఒక చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది.

మెల్లగా వచ్చి సోఫాలో కూర్చున్నారు.

“మాస్టారూ,” అన్నారు గొంతు తగ్గించి, తాళం చెవి నా చేతిలో పెడుతూ, “అమ్మాయిని మీరు దింపి రండి.”

నేను గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. కనకలక్ష్మి గారు ఆయన నడుము వెనక దిండు సర్దుతున్నారు. ఆయన వద్దనలేదు.